కర్రెడు జాగా

హిమాయత్‌సాగర్ రెండు గేట్లు ఎత్తిన్రని
రాత్రి పదకొండుకు ఫోనొచ్చింది.
తెల్లారకముందే కట్ట దిగువన
స్కూటర్లు, టిఫిన్ డబ్బాలు, బొంతల్లాంటి రెయిన్‌కోట్లు,
మైదాల పల్లిచెక్క పిసికిన వాసన.
నీళ్ళు చూడాలంటే
ఎవరో ఒకరి భుజం మీదికెళ్ళి చూడాలె.

నేను అత్తాపూర్ నుంచి వస్త. లిఫ్టులు బాగుచేస్త.
వారమంతా ఇనుప డబ్బాలల్ల ఇరుక్కున్నోళ్ళను బయటికి తీసి
ఐతారం నాడు ఇక్కడికొచ్చి
నాకు నేనే ఇరుక్కుంట.
ఒక వెదురు కర్ర, కోఠీల కొన్న ఆకుపచ్చ దారం,
డబ్బా నిండా ఎర్రలు.

ఇక్కడ బోర్డు లేదు. రాసిపెట్టినోడు లేడు.
అయినా ముందొచ్చినోని పక్కన నిలబడాలంటే
"నిలబడాల్నా అన్నా" అని అడుగుతరు.
పక్కోని దారం మీదికెళ్ళి నీ దారం పోవద్దు.
ఎవని బెండు మునిగినా, ఎవని కర్ర వంగినా
అటిటు ఉన్నోళ్ళంత గాలాలు చుట్టుకోవాలె,
ఊపిరితో సహా.
కడుపు నిండ గుడ్లతో ఎదురెక్కే దాన్ని
చెయ్యి తడిచేసుకొని పట్టి, మళ్ళ నీళ్ళల్ల ఇడువాలె.
ఇది మాత్రం సగం మందికే తెలుసు.
తూకం చూసినంక
అండ్ల సగం మందికే గుర్తుంటది.

పెద్దబండకు ఎడమ పక్క ఖలీలుల్లా చాచాది.
ఛత్తా బజార్ల నలభై ఏండ్లు
పెండ్లికార్డులకు సీసం అక్షరాలు పేర్చిన వేళ్ళు.
మొదటిసారి నేను ఆయనను రాసుకొని నిలబడితే అన్నడు:
"మాటకూ మాటకూ నడుమ
ఉత్త సీసం ముక్క పెడుతుంటిమి బేటా.
దానికి సిరా అంటదు, కాగితం మీద కనబడదు.
అది జారిపోయిందనుకో,
పిల్ల పేరు, పిల్లగాని పేరు, ఫంక్షన్‌హాల్ పేరు
అన్నీ ఒక్కటే మనిషైతయి.
జర కర్రెడు జాగా ఇడువు."

ఇయ్యాల మా ఇద్దరి నడుమ
ఆ జాగాలనే ఒక పిల్లగాడొచ్చి నిలబడ్డడు.
అడగలే.
చేతిల ఫైబర్ కర్ర, ధర చీటీ ఇంకా ఊగుతున్నది.
నేను పండ్లు కొరుక్కుంట వాన్నే చూస్తున్న,
వాని బూట్లు, వాని టోపీ,
వాడు గాలం ఇసిరే తీరు.

అప్పుడు వంగింది చాచా కర్ర.
వంగిన తీరుకే తెలిసింది, బొచ్చె,
ఐదు కిలోలకు తక్కువుండదు.
"తియ్యి తియ్యి తియ్యి!" అని ఒడ్డంత అరిచింది.
దారాలన్నీ లేసినయి.
ఒకటి లేవలే.
టప్పుమన్నది.
నీళ్ళ మీద ఒక సుడి, దాని మీద నురుగు, అంతే.

అందరికన్నా ముందు నేనే అందుకున్న.
వాని కర్ర కొత్తది, నా తిట్లు పాతయి.
వాడు నోరు తెరవలే.
చాచా బండ మీద కూసొని అద్దాలు తుడుచుకొని
చిక్కుపడ్డ ఉండను మోకాలి మీద పెట్టుకున్నడు.
అచ్చుతప్పు ఏరుతున్నట్టు
ఒక్కొక్క పోగే ఇడదీస్తుంటే
ఆ పిల్లగాడు పోయి ఆయన మీద గొడుగు పట్టిండు.
అర్ధగంట. నేను బెండును చూస్తున్నట్టు నటించిన.
బెండు అక్కడ లేదు.

పిల్లగాని దారం తెల్లది.
చాచాది తెల్లది.
ఉండల నుంచి బయటికొచ్చిన మూడోది
ఆకుపచ్చది.

చాచా దాన్ని వేలికి చుట్టి, ముడేసి,
ఏమనకుంట
మిగిలిన చిల్లర తిరిగిచ్చినట్టు
నా అంగీ జేబుల ఏసిండు.

తప్పైందనే మాట నా గొంతుల
రెండంతస్తుల నడుమ ఆగిపోయింది.
బకెట్ ఎత్తి ఇటు పక్కకు జరిపిన.
ఒక కర్రెడు. ఇంకో జానెడు ఎక్కువనే.
మూడో గేటుకు సైరన్ మోగింది.
పిల్లగాడు ఆ ఖాళీని చూసిండు, నన్ను చూసిండు,
గొడుగు ముడిచి వచ్చి నిలబడ్డడు.
ఇప్పుడూ అడగలే.

నేను నా దారం చుట్టుకొని
వాని గాలం నీళ్ళల్ల పడేదాకా ఆగిన.