చెట్టు మీద పండేది

మా మెగ్రెలీలో జ అంటే చెట్టు.
ఓజలేషి అంటే చెట్టు మీద పండేది.
ఇంతకన్నా మంచి పేరు వెతకడానికి
మా తాతలకి తీరిక దొరికినట్టు లేదు.

నవంబరు ఆఖరు. తెహూరీ ఏటి అవతల
కొండలు తెల్లబడ్డాయి.
లోయలో అందరూ గంపలు కడిగి బోర్లించుకున్నారు.
మా తీగకి మాత్రం ఇప్పుడు తెల్లారింది.
అడవి పెర్సిమన్ చెట్టు మీద, ముప్పై అడుగుల ఎత్తున
నల్లగా, చిన్నగా గుత్తులు,
ఎవరో ఎక్కి మరిచిపోయి దిగిన మూటల్లా.

నా మోకాళ్ళు ఒప్పుకోవు.
చెల్లెలి మనవడు బొండో ఎక్కుతాడు.
మొదటిసారి ప్లాస్టిక్ బకెట్ పట్టుకెళ్ళాడు, నే వద్దన్నా.
అది ప్రతి కొమ్మనీ పలకరిస్తూ
ఖాళీగా దిగింది.
ఇప్పుడు అడుగు మొనదేరిన పాత గంపే కట్టుకుంటాడు,
జేబులో ఫోను మోగితే తిట్టుకుంటూ.

తేయాకు రోజుల్లో ఊళ్ళో చెట్లన్నీ కొట్టేశారు.
ప్రణాళికలో చెట్టు లేదు, తీగ లేదు,
వరసలు ఉన్నాయి.
లెక్కల మనిషి గొడ్డళ్ళని వెంటేసుకుని వస్తే
మా అమ్మ మాక్వలా పిండి చేతులతో వాకిట్లో నిలబడి
"కొట్టుకోండి. ఈ వేళ్ళు వదిలితే గట్టు కూలి
మీ తేయాకంతా ఏట్లో కలుస్తుంది" అంది.
ఆ గట్టుకీ ఈ చెట్టుకీ ఏ చుట్టరికమూ లేదు.
ఆవిడ జన్మలో ఆడిన అబద్ధాల్లో
తాగడానికి పనికొచ్చింది అదొక్కటే.

నాలుగేళ్ళ కింద జుగ్దీదీ నుంచి ఎలిసో అనే పిల్ల వచ్చి
పుల్లలు కత్తిరించి, తడిగుడ్డలో చుట్టి
పసిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుపోయింది.
ఇనప తీగెల మీద, నడుమెత్తున పండించి
మొన్న ఒక సీసా తెచ్చింది.
"చెట్టుదీ ఇదీ పక్కపక్కన తాగి చెప్పు పెద్దమ్మా" అంది.

తాగాను.
అదే దానిమ్మ పులుపు, అదే పొగ వాసన,
మింగాక గొంతులో కాస్త ఆగి వెళ్ళే అదే తీపి.
కళ్ళు మూసుకుని మళ్ళీ తాగాను.
చెట్టు పక్షాన ఒక్క మాటైనా చెప్పాలని
నాలుకంతా వెతికాను.
తేడా తెలియలేదు.
తెలియలేదనే చెప్పాను.
ఆ పిల్ల మొహం వెలిగింది. నాకు కోపం వచ్చింది,
ఎవరి మీదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

"మరింక ఈ చెట్టెక్కడం ఎందుకు?"
పైనుంచి బొండో.
ఏడాదికి నలభై లీటర్ల ద్రాక్షసారా.
భూమిలో పాతిన బాన సగానికి కూడా రాదు.
చుట్టాలకింత, చావులకింత, పోయిన ఏడు
పక్కింటి ఒతియా పెళ్ళికి ఒక జాడీ.
అమ్మింది లేదు.
ఇదంతా జవాబు కాదని నాకూ తెలుసు.

"చిటారు గుత్తి వదిలెయ్" అన్నాను.
"పిట్టలకా?"
"కాదు. కొమ్మ సన్నం."

వాడు విన్నాడో లేదో
ఇంకో కొమ్మ ఎక్కాడు.
వాడు కదిపిన మంచు నా కళ్ళలో పడింది.
చేతిలో తాడు బిగుసుకుంది.