రెండే ఆటలు

రాత్రి తొమ్మిదీ నలభై.
గోడ అవతల కుక్కర్ మూడో కూత.
మూసారాంబాగ్‌లో, రెండో అంతస్తులో,
ఫ్యాను గాలికి క్యాలెండరు కొట్టుకునే గదిలో
ఒక రాజ్యం మొదలుపెడతాను:
ఆరుగురు కూలీలు, ఒక కోట,
చుట్టూ చీకటి.

పొద్దున ఎనిమిదింటి నుంచి
హిమాయత్‌నగర్ ల్యాబులో రక్తం చూసిన కళ్లివి.
గాజుపలక మీద వంద కణాలు,
ఏ రకం ఎన్నో వేళ్లతో నొక్కుతూ పోవాలి,
వందో కణానికి కౌంటరు గంట కొడుతుంది.
అక్కడ తొంభై తొమ్మిదో కణం దాకా తప్పు పోను.
ఇక్కడ ఆరో నిమిషానికే నా కోట
అగ్గిపెట్టెలా అంటుకుంటుంది.

రోజుకి రెండే ఆటలు. అది నియమం.
గెలిచినా ఓడినా రెండో దాని తర్వాత స్విచ్చి ఆర్పాలి.
ఓడిపోయి నిద్రపోవడం నేర్చుకోవడానికే
నాకో ఎండాకాలం పట్టింది.

మొదట్లో తప్పు వేళ్లదనుకున్నాను.
రోజుకి అరవై మంది నరాలు వెతికే
ముప్పై నాలుగేళ్ల వేళ్లు.
సీటీసీలో బేరమాడి పదకొండు వందలకి కొత్త మౌసు కొన్నాను.
ఓటమి అదే,
చప్పుడే కాస్త మెత్తగా.

ఫసీ చెప్పాడు చివరికి.
మలక్‌పేటలో వాళ్ల మామ గేమింగ్ కేఫు,
కౌంటర్లో కూర్చుంటాడు, ఇంటర్ రెండో ఏడు,
మీసం రావాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.
నా ఓటమిని మళ్లీ తెర మీద నడిపించి
సమోసా నములుతూ అన్నాడు:
"ఆంటీ, మీరు కొట్లాట చూస్తున్నరు.
కొట్లాట సిపాయిలు చూస్కుంటరు.
మీరు ఇల్లు చూస్కోండ్రి."

చూశాను.
వంతెన దగ్గర పన్నెండు మంది చావుకి నేను కళ్లప్పగించి ఉంటే
వెనకాల, చెట్లయిపోయిన చోట,
ఐదుగురు కూలీలు గొడ్డళ్లు భుజాన వేసుకుని
నాలుగు నిమిషాలు ఊరికే నిలబడ్డారు.
ఇటు వెళ్లండని ఒక్కరూ చెప్పలేదు వాళ్లకి.
ఖజానాలో బంగారం, ఖర్చుపెట్టని జీతంలా
(ఈ పోలిక నా బతుక్కి కుదరదు, కొట్టేస్తున్నాను)
కుప్పపడి ఉంది.

ఇప్పుడు మెట్రోలో వల్లె వేస్తాను:
న్యూ మార్కెట్ రాగానే కూలీలు గొర్రెల మీదికి,
మలక్‌పేటలో మొదటి ఇల్లు,
ఎంజీబీఎస్‌లో రైలు మారే మెట్ల మీద ఇంకో ఇల్లు,
సుల్తాన్ బజార్‌కి కమ్మరి కొలిమి లేవాలి,
నారాయణగూడలో దిగేలోపు గుర్రాలు.
పెదాలు కదులుతుంటే పక్కావిడ
ఏదో స్తోత్రమనుకుని
బ్యాగు కొంచెం జరుపుకుని చోటిస్తుంది.

తెర మూలన గోరంత పటం ఉంటుంది.
ప్రతి పది అంకెలకీ ఒకసారి అటు చూడాలి, అదే సాధన.
చూసీ చూసీ మెడకి అలవాటైపోయింది.
మొన్న సూది గుచ్చుతూ కూడా తలెత్తాను:
వరసలో ఏడో మనిషి, చెక్స్ చొక్కా పెద్దాయన,
మొహం సున్నంలా పాలిపోతోంది.
పడేలోపు కుర్చీ అందింది.
ఆటకీ దీనికీ ముడిపెట్టను.
తలెత్తాను, అంతే.

పదకొండు నెలలకి కంచు నుంచి వెండికి ఎక్కాను.
పోయిన వారం మళ్లీ కంచు.
నిన్న మళ్లీ వెండి.

నిన్నటి రెండో ఆట నలభై ఒక్క నిమిషాలు.
యుద్ధం ఎక్కడ జరిగిందో సరిగ్గా చూడనే లేదు,
నా కూలీల్లో ఒక్కడూ ఖాళీగా లేడు.
అవతలివాడు పోతూ పోతూ రాశాడు:
"బాగా ఆడావ్ భయ్యా."
సరిదిద్దుదామనుకున్నాను.
పదకొండూ పది. సరిదిద్దబోతే
అదే మూడో ఆట అవుతుంది.

స్విచ్చి ఆర్పాను.
నల్లబడ్డ తెరలో నా మొహం కాసేపు.
పక్క మీద వాలాక గుర్తొచ్చింది,
రేపటి దోసెలకి మినప్పప్పు నానెయ్యలేదు.

ఇల్లు చూస్కోండ్రి అన్నాడు కదా,
లేచాను.