దర్జీ సుద్ద

గ్రోద్నాలో యాద్విగాకు సెల్‌ఫోను లేదు.
అడిగితే, "ఉన్నవి రెండు చేతులు, రెంటికీ పనుంది" అంటుంది.

కుట్టు దుకాణంలో నల్లటి ల్యాండ్‌లైను
మంచు పడే సాయంత్రం ఒక్కసారి మోగింది.
మనిషిది కాని గొంతు
ఆరంకెలు, తొందరేం లేకుండా, రెండుసార్లు చెప్పింది.
చేతికందిన ఓవర్‌కోటు అస్తరు మీద
సుద్దతో రాసుకుంది.

వెనకగదిలో మేనకోడలి పాత ల్యాప్‌టాప్.
అంకెలు మింగి యాప్ తలుపు తీసింది.
ఎన్ని తాళాలు దాటి వచ్చిందో
ఇంత చిన్న మాట:
"లోపల చలి. వాడి కాలి సైజు నలభై మూడు.
ఉన్నివైతే మేలు."

ఇస్త్రీపెట్టె బుస్సుమంది.
అస్తరు మీద ఏమీ లేదు.

కోటు మనిషి రేపొస్తాడు.
భుజాన నక్షత్రాలు వంకర పోయాయేమోనని
అద్దంలో చూసుకుంటాడు.

యాద్విగా అల్లికసూదులు వెతుకుతోంది.