కరెంటు పోయిన రాత్రి బిల్లు

రెండు గంటలు ఫ్యాను తిరగలేదంట, మున్నూరు కోసినాడు.
కోతి సబ్బెత్తుకపోయిందంట, ఇంకో నూరు.
గండికోటలో కోతులకు గూడా నేనే పూచీ!
"మాబున్నమ్మా, మిగిలింది ఫోన్లో కొట్టినా" అన్నాడు.
సిగ్నలు కోసం కోటగోడెక్కి
పెన్న లోయ మీదికి ఫోను చాపి నిలబడినా.
టింగుమనలేదు.
కారు జమ్మలమడుగు దాటింటాది.

ఆ రెండు గంటలే గదా సామీ,
మిద్దె మీద పండుకోని
నీ బిడ్డ చుక్కలు లెక్కబెట్టింది,
నూటా పన్నెండు కాడ నిద్రపోయింది.
దానికి నేనేమన్నా రేటు రాసినానా?

పొద్దున్నే ఫోను జేసి కడిగేద్దామనుకున్నా.
మంచం కింద కసువు ఊడుస్తాంటే
చీపురుకు తగిలింది
అరచేతంత ఎర్ర చెప్పు,
ఒంటిది.

ఇప్పుడు
ఏ మాటతో మొదలుపెట్టల్ల?