బండ వేషం నాడు

గంగమ్మ జాతరలో బండ వేషం నాడు
తిరుపతిలో నోటికి తాళం ఉండదు.
ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, వేపమండ పట్టుకుని
ఎవురు ఎవుర్నైనా ఎంత మాటైనా అనొచ్చు.
తిట్టినోడికీ పుణ్యమే, పడినోడికీ పుణ్యమే.

ఆ ఏడు మా తాత చెంగల్రాయుడు
ఎవురికీ తెలీని తిట్టొకటి తిట్టినాడు.

బగేరో!

తాతయ్యగుంట సందులో జనం నిలబడిపోయినారు.
అరవమా, కన్నడమా, ఉర్దూనా?
అంతు చిక్కలా.
ఆమైన పగలబడి నవ్వి, ఇంగోసారి అనమన్నారు.
అన్నాడు. పొద్దుగూకే దాకా అంటానే ఉన్నాడు.
కుంకుమ మీద చెమటో ఇంకేమో
చారలు చారలుగా దిగిందని
మా జేజి చెప్పేది.

అంతకు ముందు రెండేండ్లు,
మలయా ఓడ దిగినప్పట్నించి,
ఆయన నోట్లోంచి పట్టుమని పది మాటలు రాలేదంట.

వాళ్ళు సైకిళ్ళ మీద వొచ్చినారంట.
రబ్బరు తోటల నడుమ ఎర్రమట్టి దోవలో
టైర్లు పోయినా ఆగకుండా
ఉత్త ఇనపచక్రాల మీద గడగడమని.
తెల్లదొర కారెక్కి పరిగెత్తినాడు,
కట్టేసిన కుక్కను కట్టేసినట్టే మరిచిపోయి.
ఆ రాత్రి కూలీ లైన్లలో సారాయి, గంతులు.
మన మాదిరి బియ్యం తినేటోళ్ళు, ఇంగ మనకేం భయం
అనుకున్నోళ్ళలో తాత ఒకడు.
కుక్కను విప్పింది కూడా తాతే.

మూడు నెల్ల పని, మంచి జీతమని రైలెక్కిచ్చినారు.
దిగిన చోట రైలు లేదు.
దాన్ని వీళ్ళే కనాల.
కొండను తొలచాల, వానలో దుంగలు మొయ్యాల.
ఇచి, ని, సాన్, షి.
నాలుగో అంకెకు దుంగ భుజం మీదికి రావాల.
రాకుంటే బగేరో, వెంటనే వెదురుబద్ద.
షి అంటే నాలుగు.
షి అంటే చావు కూడానని
ఒక కాపలావాడే చెప్పినాడంట, నవ్వతా.

కలరాలో పోయినోళ్ళ పేర్లు తాత ఎప్పుడూ చెప్పలా.
ఊర్లు చెప్పేవాడు:
పుత్తూరోడు.
కార్వేటినగరం అన్నదమ్ములు, ఒకే రాత్రి.
వాలాజా పిల్లోడు, మీసం కూడా రాలేదు.

ఒకనాడు తెల్లారింది, ఎవురూ అంకెలు పిలవలా.
కాపలావాడు రాయి మీద కూర్చోని
టోపీ మీది చుక్కను గోటితో పీకతా ఉన్నాడు.
నిన్నటిదాకా సముద్రాలన్నీ వాడివే.
తాతను చూసి లేచి, నడుం దాకా వొంగినాడు.
అయ్యో అనిపిచ్చలేదంట.
తిక్క కుదిరిందనీ అనిపిచ్చలేదంట.
తాత పార తీసుకుని
అలవాటు చొప్పున పనిలోకి పోయినాడు.

మూడేండ్ల కూలి, ఒక సంచి నిండా నోట్లు.
నోటు మీద అరటిచెట్టు, ముద్దొచ్చే గెల.
రేణిగుంటలో టీ కొట్టాయన
ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి
"ఈ రాజ్యం యాడుండాది సామీ?" అన్నాడు.
టీ ఊరికే ఇచ్చినాడు.
మిగిలిన రాజ్యమంతా మా జేజి
గోడ బొక్కల్లో కుక్కింది, ఎలకలు రాకుండా.

ఆమీట రైల్వేలో గ్యాంగుమన్ను ఉద్యోగం.
చిన్నప్పుడు నేనూ వెంట పోయేదాన్ని.
సుత్తితో పట్టాను తట్టి, చెవి పెట్టి వినేవాడు.
స్లీపర్ల మీద అడుగులేసుకుంటా పోతా పోతా
నాలుగోదాని మీద మాత్రం కాలు పెట్టేవాడు కాదు.
నేను పెడితే కసిరేవాడు.

జాతరలో దొర వేషం కూడా ఉంది.
దాక్కున్న పాలెగాడు దొరను చూసి బైటికొస్తాడు,
గంగమ్మ చేతిలో తల పోగొట్టుకుంటాడు.
ఆ వేషం మాత్రం ఎంత బతిమాలినా కట్టలా.
"ఇద్దరు దొరల్ని చూసినా, చాల్లేమ్మా" అనేవాడు.

మొన్న ఆ సందులోనే
క్యాచ్ వొదిలేసిన వాణ్ణి చూసి
పదేళ్ళ పిల్లోడొకడు బ్యాటు నేలకేసి కొట్టినాడు:
బగేరో!

ఒళ్ళు జల్లుమనింది.
ఏ భాషరా అది, అని అడిగినా.

వాడు నన్ను ఎగాదిగా చూసినాడు.
"ఏం భాషక్కా, మన తిరుపతి మాటే."