కొలత

మాది సింగ్‌నగర్ అనగానే
షోరూము కుర్రాడు అడక్కుండానే
ఐదు శాతం తగ్గించాడు.
ఆ ఐదూ ఎందుకో ఏసోబుకి అర్థమైంది.
మంచినీళ్లు తాగి గ్లాసు మెల్లగా పెట్టాడు.

హేమసుందర్ అని చొక్కా మీద పేరు.
గోడ మీద ఎర్రచుక్క వెలిగించి
మిల్లీమీటర్లలో మాట్లాడతాడు.
నేను మెడలో టేపు వేసుకునే వచ్చాను.
పద్దెనిమిదేళ్ల టేపు, మొదటి అంగుళం అరిగిపోయింది,
ఎంత అరిగిందో అదీ నాకు లెక్కే.

"యూపీవీసీ మేడమ్. చెద పట్టదు, తుప్పు పట్టదు,
మీ టేకు కిటికీలా వానకి మొరాయించదు."
మాది టేకు కాదు బాబూ, వేపచెక్క.
పదకొండు రోజులు బుడమేరు తాగి
నానిన శనగలా ఉబ్బింది, ఎండాక పగిలింది,
రెక్కలు మాత్రం మళ్లీ ఒకదాన్నొకటి కలవలేదు.

"స్లైడింగ్ చూడండి, వేలితో తోస్తే చాలు."
తోశాను. వెన్నలా జరిగింది.
"సగమే తెరుచుకుంటుందేం?"
"గాలికి సగం చాలు కదా మేడమ్."
గాలికి చాలు.

ఆ ఆదివారం సందులోకి నీళ్లు
పాలవాడికన్నా ముందొచ్చాయి.
తలుపు బిగుసుకుపోయింది.
మంచం మీద మిషను, మిషను మీద కెజియా,
కెజియా నెత్తిన పెళ్లివారి పట్టుజాకెట్ల మూట.
తన గుమ్మం పల్లమని మా ఇంట్లోకొచ్చిన భూషణమ్మ
బొడ్డులోతు నీళ్లలో నిలబడి
"నా జాకెట్టు కూడా అందులోనే ఉందా?" అంది.

మస్తాన్ వలి లారీ ట్యూబు మీద వచ్చి
కిటికీ ఊచలు రెండు కోశాడు.
మూడోదానికి బ్లేడు విరిగింది.
ఆ సందులోంచి కెజియా, నేను,
ఊపిరి బిగబట్టి ఏసోబు.
భూషణమ్మ పట్టలేదు.

చుట్టుకొలత నలభై ఆరు, భుజం పదహారున్నర.
నా పుస్తకంలో రాసుంది, ఏటేటా కొట్టేసి పెంచుతూ.
"మీరెళ్లండమ్మా, నాకిక్కడ బానే ఉంది"
ఎవరింట్లోనో పేరంటానికి ఆగిపోయినట్టు.
మర్నాడు పడవవాళ్లు గునపంతో తలుపు పగలగొట్టేదాకా
మంచమెక్కి, మిషనుకి ఆనుకుని,
రాత్రంతా ఒక్కతే.
ఏం చేశావంటే,
"చీకట్లో చేత్తో తడిమి నీ దారపు రీళ్లు లెక్కపెట్టా.
అరవై మూడు."
నాకిప్పటికీ అరవై ఒకటే దొరుకుతాయి.

హేమసుందర్‌కి ఇవేం చెప్పలేదు.
తలుపులా బార్లా తెరుచుకునేది తీయించాను.
టేపు అడ్డంగా పట్టాను, నిలువుగా పట్టాను.
"మూడంగుళాలు లూజు పెట్టు బాబూ."
"కిటికీకి లూజేంటి మేడమ్?"
"ఏటేటా పెరుగుతుంది."
వాడు ఏసోబు వైపు చూశాడు.
ఏసోబు పైన ఫ్యాను వైపు చూశాడు.

గ్రిల్లు వద్దంటే దొంగలన్నాడు. నిజమే, మిషను కొత్తది.
సరే, గ్రిల్లుకీ ఒక తలుపు, దానికో తాళం,
తాళంచెవి మిషను పక్కన మేకుకి.
ఫ్రిజ్‌కని దాచింది అక్కడికి సరి.
కెజియాకి ఆ తెల్లరంగు ఇంకా నచ్చలేదు.

బిగించిన సాయంత్రం
ఫాల్ కుట్టమని చీర పట్టుకొచ్చింది భూషణమ్మ.
కిటికీని ఎగాదిగా చూసింది.
చీర నా ఒళ్లో పడేసి, కుచ్చిళ్లు దోపుకుని,
ముక్కాలిపీట ఎక్కి
ఒక కాలు అవతలికి వేసింది,
పొడి నేల మీదికి, ఇంకా వెలుగుండగానే.
తర్వాత రెండోది.
మస్తాన్ వలి బండాపి నోరెళ్లబెట్టాడు.

సందులో నిలబడి చేతులు దులుపుకుంది.
చుట్టూ తిరిగి గుమ్మంలోంచి లోపలికొచ్చి
"ఫాల్ రేపటికవుతుందా?" అంది.