పెదవులు కదలని చోట

దార్ ఎస్ సలామ్, కరియాకూ, మూడో అంతస్తు.
కింద దలదలా బస్సుల హారన్లు, ఉల్లిపాయల బస్తాల మీద తగాదాలు.
పైన, గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించిన గది.
ఫ్యాను కట్టేస్తేనే రికార్డింగు.
మెడ తుడుచుకుంటూ మ్వనహావా
ఒక మంచుదేశపు సీరియల్‌ని
స్వాహిలీలోకి దించుతోంది.

మాట దొరకడం కష్టం కాదంటుంది.
మాట కూర్చునే జాగా దొరకాలి.

మూడో భాగంలో
ఏడేళ్ళకి ఇల్లు చేరిన కొడుకు
తండ్రిని పేరు పెట్టి పిలుస్తాడు,
కోటు తగిలిస్తాడు, కాఫీ పోసుకుంటాడు.
"షికమో అనడా?"
మచుపా హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాడు.
"ఈ ఒక్క ముక్కకే మా అమ్మ టీవీ కట్టేస్తుంది."
కుర్రాడు కోటు తగిలించడానికి అటు తిరిగిన అర సెకను,
వీపుకి పెదవులుండవు గనక,
అక్కడ ఇరికించింది దండాన్ని.
తండ్రి దగ్గిన చోట మరహబా.
ముసలాయన దగ్గు నయమైంది.

ఐదో భాగంలో
గుమ్మంలో పొరుగువాడు నిలబడి ఉండగానే
ఇంటిల్లిపాదీ వంచిన తల ఎత్తకుండా తింటారు.
చెంచా కింద పడిన చప్పుడు తీసేసి
ఆ ఖాళీలో ఒక కరిబు పెట్టింది.
అతను తినలేదు. అది వేరే సంగతి.
పిలిచారు, చాలు.

ఏడో భాగం దగ్గర ఆగిపోయారు.
మంచులో గొయ్యి. నల్లకోట్లు.
నడుమ విధవరాలు.
నలభై సెకన్లు ఎవరూ ఏమీ అనరు.
కెమెరా ఒక్కొక్క మొహం మీదా నిలబడి
మూసిన పెదవుల్ని లెక్కపెడుతుంది.
దూరం నుంచి ఉత్తరం వచ్చింది:
ఆ నిశ్శబ్దాన్ని ముట్టుకోవద్దు.

"పోలే అనని మనుషుల్ని
నేనెలా చూపించను మావాళ్ళకి?"

పోలే:
కాలికి రాయి తగిలినా,
కరెంటు పోయినా, కట్టుకున్నవాడు పోయినా
అక్కడ ఎదుటివాళ్ళు అనే మాట.
చల్లబడు, అని దాని వేళ్ళలో తడి.
నా తెలుగు చెవికి మాత్రం
పోలేదు, ఇంకా పోలేదు అని
ఎవరో గొణిగినట్టుంటుంది.

విధవరాలికి గొంతిచ్చేది సికుజువా.
నాకు తెలియలేదు, అని ఆ పేరుకి అర్థం.
మొరొగొరో రోడ్డు మీద భర్త లారీ బోల్తా పడిన రోజు
ఆమె ఇక్కడే, ఈ మైకు ముందే,
ఎవరి పెళ్ళిలోనో నవ్వుతోంది.
తరవాత నెల్లాళ్ళు తలుపు గడియ తియ్యలేదు.
వచ్చినవాళ్ళ పోలేలన్నీ
గుమ్మం బయట చెప్పులతో పాటు ఉండి
వాళ్ళతోనే తిరిగి వెళ్ళాయి.

ఆ నలభై సెకన్లకీ ఆమెకి పనిలేదు.
అయినా మైకు ముందు నుంచి కదల్లేదు.
అద్దం అవతల మచుపా నోరు తెరిచాడు, మూశాడు.
ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.
"ఉండనీ," అంది మ్వనహావా.
ఓడిపోయిన గొంతుతోనే అంది.

ప్రసారమైన రాత్రి, తెమెకెలో చపాతీ కొట్టు.
ఇనపతీగతో కట్టిన టీవీ, మూడు బల్లలు,
నిలబడ్డవాళ్ళే ఎక్కువ.
మంచు. గొయ్యి. నల్లకోట్లు.
"సౌండు పోయింది," అని ఒకడు పెట్టెని చరిచాడు.
పోలేదు.

అప్పుడు బొగ్గులమ్మే మనిషి,
బస్తా మీంచి లేవకుండానే, తెరకేసి చూస్తూ
"పోలే, మామా," అంది.
మోటారు సైకిలు కుర్రాడు, పోలే సానా.
స్కూలు చొక్కా విప్పని పిల్ల ఒకతి.
తరవాత అందరూ,
ఒకరి మాట మీద ఒకరు,
పెనం మీద నూనె చిటపటల మీదుగా.

చివరి బల్ల మీంచి, కొంగు చాటున
ఒక ఆడగొంతు:
"నిషపోవా."
చల్లబడ్డాను.

చపాతీ తిప్పుతున్న మనిషి చెయ్యి ఆగింది.
తెరకేసి చూశాడు.
ఆవిడ పెదవులు కదల్లేదు.
మెల్లగా వెనక్కి తిరిగాడు.
పెనం మీద చపాతీ మాడుతోంది.